పనిబల్ల, పనిముట్ల పెట్టె

వడ్రంగి పరులకొరకు చేసిన మంచములు, తలుపులు, మందసములు, సింహాసనములు తరతరములు నిలిచి, గృహస్థుల యిండ్లనుండి ప్రదర్శనశాలలకు చేరి, పండితుల వర్ణనలకు పాత్రములైనవి. ఆ వస్తువులన్నియు పుట్టిన పనిశాలలో అతడు తనకొరకు చేసికొన్న బల్లయు పెట్టెయు మాత్రము అరిగినంతకాలము సేవచేసి, అరిగిన పిమ్మట వంటచెరకుగా మారి బూడిదయైనవి. అందుచేత పనిశాలలోని సామాను చరిత్రను వ్రాయబూనినవాడు రాజమందిరములను విడిచి, సమాధులలోను, పాడుబడిన నూతులలోను, బురదనేలలలోను వెదకికొనవలసి వచ్చును. అట్లు వెదకగా దొరకిన కొలది వస్తువులను ప్రక్కప్రక్కన నుంచి చూచినచో ఒక సంగతి స్పష్టమగును: బల్లయు పెట్టెయు ఒకే శాలలో నున్నను అవి తరచుగా ఒకే యజమానివి కావు. బల్ల చోటును అంటిపెట్టుకొని యుండును. పెట్టె మనిషిని అంటిపెట్టుకొని తిరుగును. బల్ల ఎవరిది, పెట్టె ఎవరిది అను ప్రశ్నకు ఆయా దేశములవారు ఆయా కాలములయందు చెప్పిన సమాధానములే, నా దృష్టిలో, ఈ సామాను చరిత్ర.

దొరకిన సాక్ష్యమునుబట్టి పెట్టెయే జ్యేష్ఠము. 1920లో న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియము పక్షమున ఈజిప్టులోని థీబ్సు నగరముచెంత త్రవ్వకములు జరిపించుచుండిన హెర్బర్ట్ విన్‌లాక్, మెకెట్రే అను రాజోద్యోగి సమాధిలో, దొంగల కంటబడక నాలుగువేల యేండ్లు మూతపడియుండిన చిన్న అర నొకదానిని కనుగొనెను. పరలోకమున ప్రభువునకు ఏ లోటును రాకుండుటకై పడవలు, పశువులశాల, ధాన్యపుకొట్టు, నేతశాల మొదలైనవన్నియు కొయ్యబొమ్మలుగా చేసి ఆ అరలో నిండించిరి. వానిలో వడ్రంగిశాల యొకటి. అందు నిలువుగా పాతిన స్తంభమునకు కొయ్యను కట్టి ఒకడు రంపముతో కోయుచున్నాడు. మరికొందరు క్రిందనే కూర్చుండి బాడిసలతో చెక్కుచున్నారు. ఒకప్రక్క నొక పెట్టె, ఆ పెట్టెలో బొమ్మల చేతికి సరిపోవు ప్రమాణమున గొడ్డళ్లు, బాడిసలు, ఉలులు, రంపములు. పనిబల్ల మాత్రము ఎక్కడను లేదు.

ఆ పెట్టె వడ్రంగిది కాదు, మెకెట్రేది. ఆ కాలమున లోహమనగా రాగియే; రాగి యనగా ధనమే. తరువాతి శతాబ్దములలో రాజుల సమాధులను తొలిచిన శిల్పులు నివసించిన దేర్ ఎల్ మదీనా గ్రామమున రాగి ఉలులను పనివారికి తూచి యిచ్చుటయు, మొద్దువారిన వానిని తూచి తిరిగి పుచ్చుకొనుటయు, లేఖకులు ఆ లెక్కలను వ్రాసి యుంచుటయు వాడుకగా నుండెను. దీనినిబట్టి చూడగా పనిముట్ల పెట్టె మొట్టమొదట పుట్టినది పనివాని సౌకర్యమునకు గాక, పనివాని చేతినుండి లోహమును కాపాడుటకే యని నాకు తోచుచున్నది. అది పనివాని సొత్తగుటకు బహుకాలము పట్టినది.

బల్ల సంగతి వేరు. బాడిసతో చెక్కువానికి బల్ల అక్కరలేదు. కొయ్యను నేలపై నుంచి, కాలితో నొక్కిపెట్టి, చేతితో చెక్కవచ్చును. చిత్రిక పట్టువాడు, అనగా కొయ్యపై పనిముట్టును ముందునకు త్రోయుచు బారెడు పొడవున పలుచని పొరను లేపువాడు, తన బలమునంతయు ఒకే దిక్కునకు ప్రయోగించుచుండగా కొయ్య జారిపోకుండ అడ్డుకొను వస్తువొకటి అతనికి కావలెను. చిత్రికను విరివిగా వాడిన రోమకులయొద్దనే పనిబల్లయు మనకు మొదట స్పష్టముగా గోచరించుట కాకతాళీయము కాదు. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతము బూడిదతో కప్పివైచిన హెర్క్యులేనియము పట్టణపు గోడబొమ్మలలో రెక్కలుగల బాలకు లిద్దరు పొట్టిబల్లయొద్ద పలకను కోయుచుండు చిత్ర మొకటి యుండెను. జర్మనీలోని సాల్‌బుర్గ్ రోమక దుర్గపు నూతిలో రెండవ శతాబ్దినాటి ఓకుబల్ల దొరకినది. గాలి సోకని నూతినీటి చలువచేతనే అది క్రుళ్లక మిగిలెను. మోకాలియెత్తు, దళసరి పలక, పలక క్రింద తొలులలో బిగించిన కాళ్లు, కొయ్యను అడ్డగించు చీలలకై పైన బెజ్జములు. ఇంతకుమించి దానిలో ఏమియు లేదు. దానిపై వడ్రంగి కూర్చుండియు, మోకాలు మోపియు, గుఱ్ఱమునువలె ఎక్కియు పనిచేయగలడు. నిలుచుండి పనిచేయు ఎత్తైన బల్లకును నేలకును నడుమ ఇది మొదటి మెట్టు.

చిత్రిక వాడినవారందరును బల్లయొద్ద నిలుచుండి రనుకొనుట సరికాదు. జపానువడ్రంగి చిత్రికను త్రోయడు, తనవైపునకు లాగికొనును. కొంచెము వాలుగా నుంచిన దూల మొకటి అతనికి చాలును, ఉలిపనికి నేలయే పీఠము. అతని పెట్టెయు అట్టిదే: మూత నొకప్రక్కకు జరిపి చీలతో బిగించునట్టి సాదా పలకల పెట్టె. కోవెలల కప్పుదూలములను ఒక్క మేకు లేకుండ నతికిన ప్రజ్ఞ తన పెట్టెయొద్దకు వచ్చునప్పటికి మేకులతోనే సరిపెట్టుకొనెను.

రోమకుల వెనుక యూరపులో వేయియేండ్లపాటు పనిశాలల సామాను దాదాపు అదృశ్యమైనది. 1936లో స్వీడనుదేశపు గోట్లండు ద్వీపమున, ఎండగట్టి సాగుకు తెచ్చిన మెస్టర్‌మ్యూర్ అను బురదనేలను దున్నుచుండిన కర్షకుని నాగలికి ఇనుపగొలుసు చుట్టిన ఓకుపెట్టె యొకటి తగిలెను. క్రీ.శ. 1000 ప్రాంతమునాటి ఆ పెట్టె పొడవు మూడడుగుల లోపే. దానిలోను దానిచుట్టును దొరకిన వస్తువులు 200 పైచిలుకు. రంపములు, బాడిసలు, గొడ్డళ్లు, ఆకురాళ్లు, సుత్తులు, పట్టుకార్లు, వంటపాత్రలు, తాళములు! కమ్మరియు వడ్రంగియు ఒక్కనియందే కలిసి, ఊరూర తిరిగి జీవించిన యొక వైకింగుకాలపు పనివాని సమస్త సంపదయు అదే కావచ్చును. పడవ తిరుగబడినదో, మంచు పగిలినదో, ఎవరేని తరుముచుండగా విసరివైచెనో ఊహించుట కథకుల పని. చరిత్రకు ముఖ్యమైన విషయము, ఆ పెట్టె ప్రయాణము చేయుచుండెననుటయు, ఈజిప్టు పెట్టెవలె ఒకచోట కాపలాలో లేదనుటయు.

బల్ల తిరిగి ప్రత్యక్షమగునప్పటికి దానికి మర వచ్చియుండెను. 1505లో న్యూరెంబర్గు పౌరుడు మార్టిన్ లోఫెల్‌హోల్జ్ వ్రాయించిన చిత్రసంపుటమున నొక పనిబల్ల కలదు: పక్కన నొక కొయ్యమర, కొసన నొక కొయ్యమర, రెంటి నడుమ చీలలకై వరుసగా బెజ్జములు. ఈనాటి జర్మను బల్లకు మూలరూపము సర్వాంగములతో అందు కానవచ్చుచున్నది. నగరములలో వృత్తిసంఘములు బలిసి, శాలాధిపతి వేరు, అతనియొద్ద కూలికి పనిచేయు నిపుణుడు వేరు అను భేదము గట్టిపడిన కాలమది. బరువైన బల్లను ఎవడును భుజముపై వేసికొని పోలేడు కనుక అది శాలాధిపతి సొత్తయ్యెను. చేతిపనిముట్లు క్రమముగా పనివాని వంతునకు వచ్చెను.

ఈ ఏర్పాటును కండ్లకు కట్టినట్లు చెప్పినవాడు ఫ్రాన్సుదేశపు ఆంద్రె జాకొబ్ రూబో. అంతకుముందు ఇంగ్లండులో జోసెఫ్ మాక్సన్ అను ముద్రాపకుడు, భూగోళముల తయారీదారు, 1678 మొదలుకొని వృత్తివిద్యలను గూర్చి మాసమాసము ప్రకటించిన సంచికలలో వడ్రంగిబల్లను వర్ణించిన మాట నిజమే; కాని మాక్సను బొమ్మలలో ననేకము ఫ్రెంచి రచయిత ఫెలిబియన్ 1676లో అచ్చువేయించిన గ్రంథమునుండి తీసికొన్నవి, అతడు స్వయముగా వడ్రంగియు కాడు. రూబో అట్లు కాదు. 1739లో పారిసునందు వడ్రంగి యింట పుట్టి, కూలివడ్రంగిగా పనిచేయుచునే, బ్లొండెల్ అను వాస్తువిద్వాంసునియొద్ద చిత్రలేఖనమును గణితమును నేర్చి, 1769 మొదలు కొన్ని సంపుటములుగా వెలువరించిన తన మహాగ్రంథమును ఫ్రెంచి శాస్త్రపరిషత్తు ప్రకటించిన వృత్తివర్ణనమాలలో చేర్పించెను. అందలి 382 చిత్రఫలకములలో అధికభాగము స్వహస్తముతో గీచినవే. చేతిలో ఉలిపట్టినవాడు కలము పట్టి తన శాలలోని ప్రతి సామానునకును కొలత వ్రాసిపెట్టుట లోకములో అరుదుగా జరిగిన పని. మన శిల్పశాస్త్రములు దేవాలయమునకు ప్రమాణములు చెప్పినవి గాని, దానిని కట్టినవాని బల్లకు చెప్పలేదు.

రూబో బల్లను గూర్చి కొంత నిలిచి చెప్పవలెను. పైపలక ఒకే మ్రానునుండి తీసినదై, ఐదారంగుళముల దళసరి, రెండడుగులకు లోబడిన వెడల్పు, సాధారణముగా తొమ్మిది అడుగుల పొడవు కలిగియుండవలెను; కాళ్లు గట్టి ఓకుకొయ్యవి, వాని కూసములు పలకను దూసికొని పైకి కనబడవలెను. కాళ్లముఖములు పలక అంచుతో ఒకే సమతలమున నుండుటచేత పొడవైన తలుపుచట్రమును నిలువుగా నిలిపి బల్లకంతటికిని ఆనించి బిగించవచ్చును. ఇనుపకొక్కె నొకదానిని పలకబెజ్జములో దించి సుత్తితో తట్టినంత మాత్రమున అది ఏనుగుకాలువలె కొయ్యను అణచిపట్టును. వెనుకనుండి తట్టినచో విడిచిపెట్టును. చిత్రిక అడుగునకు రాయు కొవ్వుగిన్నెయు, చిన్నసామానుకై బల్లక్రింద సొరుగును, ఉలులను నిలువుగా గ్రుచ్చియుంచుటకు బల్లవెనుక సందుగల పట్టెయు నందే యున్నవి. పనివాని చేతికందు దూరమున ప్రతి వస్తువును నిలిపిన ఆ పొందికలో ఎక్కడను అలంకారము లేదు. వెర్సాయి ప్రాసాదమునకై బంగారుపూత పెట్టిన సామాను తయారగుచుండిన దినములలో, ఆ సామానునకు జన్మస్థానమైన బల్ల ఇంత నిరాడంబరముగా నుండుట నాకు మిక్కిలి ముచ్చటగా తోచును.

అలంకారమంతయు పెట్టెలోనికి పోయెను. ఇంగ్లండులోని కెంటు మండలమున, చాతమ్ పట్టణములో జోసెఫ్ సీటన్ అను సామానుపనివాడు 1796 చివరిలో తన కుమారుడు బెంజమినునకై లండనులోని క్రిస్టఫర్ గేబ్రియల్ దుకాణమున చిత్రికలు, ఉలులు, రంపములు, మూలమట్టములు మొదలైన పనిముట్ల నన్నింటిని ఒకేసారి కొని యిచ్చెను. మరుసటి సంవత్సరమున బెంజమిను వానికి పెట్టె చేసి, ఏయే పనిముట్టు ఏ వెలకు వచ్చినదో పట్టికయు వ్రాసిపెట్టెను. తరువాత అతడు వానిని అంతగా వాడినట్లు కానరాదు. ఆ కారణముచేతనే పెట్టెయు, పనిముట్లును, పట్టికయు దాదాపు చెక్కుచెదరక రాచెస్టరు పట్టణపు గిల్డ్‌హాల్ మ్యూజియమునకు చేరినవి. వాడబడని పనిముట్లవలన చరిత్రకు కలిగిన యుపకారమునకు ఇంతకన్న నిదర్శన మక్కరలేదు. ఆ కాలపు ఆంగ్లవడ్రంగుల పెట్టెలన్నియు ఒకే పద్ధతివి: వెలుపల చవుకకొయ్య, దానిపై ముదురురంగు, మూత తెరచినచో లోపల మహాగనిపొరలు తాపిన జరుగుడు అరలు, పొదిగిన నక్షత్రములు, దంతపుపిడుల సొరుగులు. దారిపోవువానికి అది మొరటుపెట్టె. శాలలోని తోడిపనివానికి అది దానిని చేసినవాని యోగ్యతాపత్రము.

ఆ లోపలి శోభను కేవలము డంబమని కొట్టివేయరాదు. బల్ల యజమానిదైన శాలలో పనివానిదని చెప్పదగిన వస్తువు ఆ పెట్టెయొక్కటే. శాలకు నిప్పంటుకొన్ననాడు యజమానికి గోడలు పోవును, పనివానికి జీవిక పోవును. 1860లో ఇంగ్లండున ఏర్పడిన వడ్రంగుల సంయుక్తసంఘము సభ్యులకు కల్పించిన సహాయములలో, వ్యాధికిని నిరుద్యోగమునకును తోడుగా, పనిముట్లు అగ్నికి ఆహుతియైనను దొంగలపాలైనను పరిహార మిచ్చుట యొకటి. ఇట్టి పెట్టెలకు పరాకాష్ఠ అమెరికాలో హెన్రీ స్టడ్లీ చేసినది. మసాచుసెట్సు రాష్ట్రమున పియానోల తయారీలో జీవితము గడపిన ఆయన 19వ శతాబ్ది చివర మొదలుపెట్టి మహాగని, నల్లచేవ, ముత్యపుచిప్పలతో గోడకు తగిలించు పెట్టె నొకదానిని నిర్మించెను. పుస్తకమువలె తెరచుకొను ఆ పెట్టెలో సుమారు 250 పనిముట్లు పొరలుపొరలుగా, ఒక పొరను ప్రక్కకు త్రిప్పినగాని వెనుకటి పొర కానరాకుండ, ఇరికియున్నవి. అద్భుతమే, ఐనను ఒక ఉలికై మూడు పొరలు త్రిప్పవలసిన పెట్టె పనికొరకు చేసినదా, పనిముట్ల ఆరాధనకొరకు చేసినదా యను సందేహము నన్ను విడువదు.

అదే అమెరికాలో, అదే శతాబ్దమున, షేకర్లను క్రైస్తవ సాధుసంఘమువారు దీనికి పూర్తిగా విరుద్ధమైన మార్గమున నడచిరి. వారిలో స్వంత ఆస్తి లేదు, సమస్తమును సమష్టిసొత్తే. అందుచేత తాళమువేసికొను పెట్టెపై వారు మనసు పెట్టలేదు. గోడపొడవున కొయ్యచీలల పట్టెలను, గోడలోనే అమర్చిన సొరుగులను, అడుగున వరుసవరుసల సొరుగులుగల దీర్ఘమైన పనిబల్లలను నిర్మించుకొనిరి.

మన తెలుగుదేశపు గ్రామమున ఈ ప్రశ్నకు సమాధానము మరియొక విధమైనది. పూర్వము ఇక్కడి వడ్రంగి ఆయగాడు. రైతుల నాగళ్లను, గుంటకలను, బండ్లను బాగుచేసి, కళ్లమునాడు ధాన్యరూపమున తన మేరను పుచ్చుకొనెడివాడు. ఇల్లు కట్టుచున్నను, పెండ్లికి పందిరిమంచము చేయించుకొనుచున్నను గృహస్థు అతనిని తన వాకిటికి పిలిపించుకొనెడివాడు. వేపచెట్టు నీడ పనిశాల, ఒక దిమ్మ పనిబల్ల, గోతపుసంచి పనిముట్ల పెట్టె. బాడిస, ఉలులు, రంపము, బర్మా, చిత్రిక, మూలమట్టము, సానరాయి అంతయు ఆ సంచిలోనే యిమిడెడిది. నేలపై కూర్చుండి, ఒక పాదముతో పలకను నొక్కిపెట్టి, రెండవపాదపు వ్రేళ్లతో దాని కొనను పట్టి అతడు పనిచేయు విధమును చూచి పెదవివిరచిన విదేశీయులు కొందరు కలరు. కొయ్య వంకరయైనను, చిన్నదైనను, పెద్దదైనను తనంతట తాను సర్దుకొని, మర త్రిప్పు పనిలేకయే బిగిసి, మర త్రిప్పు పనిలేకయే విడిచిపెట్టు సాధనము రూబోబల్లకును లేదని వారు గమనింపరైరి. నేల గృహస్థుది, పాదము వడ్రంగిది. ఈ రెంటి నడుమ బల్లకు తావులేకపోయెను. పెట్టెపై అతడు చూపని ఆదరము పనిముట్లపై చూపకపోలేదు. ఆయుధపూజనాడు సంచినుండి వెలికివచ్చి, పసుపుకుంకుమలతో పీటపై వెలసిన ఉలికిని బాడిసకును ఆ దినమున సెలవు.

ఈ దేశపు పనివానికి పెట్టెలు చేయుట రాదని ఎవరు ననుకొనరాదు. 18వ శతాబ్దమున విశాఖపట్టణపు పనివారు చేవకొయ్యపై ఏనుగుదంతము పొదిగి, దంతముపై నల్లని లక్కరేఖలతో లతలను చిత్రించి, ఆంగ్లేయులకొరకు తయారుచేసిన వ్రాతపెట్టెలు, కుట్టుపెట్టెలు, సొరుగుబీరువాలు లండనువరకు పోయి నేటికిని వేలములలో గొప్పవెలలు పలుకుచున్నవి. ఎత్తైన బల్లయు, ఇనుపవైసును మన వడ్రంగులకు సుపరిచితములైనది రైల్వేశాలలలో నని చెప్పవచ్చును. 1856లో మద్రాసుచెంత పెరంబూరునను, 1893లో సికింద్రాబాదుచెంత లాలాగూడాలోను నెలకొనిన కార్ఖానాలలో టేకుకొయ్యతో రైలుపెట్టెలను నిర్మించుటకు చేరిన పనివారికి బల్ల కంపెనీది, వేళ కంపెనీది. మేర పోయి జీతము వచ్చెను, కూర్చుండువాడు నిలుచుండెను.

పశ్చిమదేశములలో అంతకుముందే యంత్రరంపములును చిత్రికయంత్రములును శాలనుండి చేతిపనిని తరిమివేయుచుండెను. ఆ తరిమివేయబడిన పని ఆశ్చర్యకరముగా ఇంటిలో, అందును వడ్రంగి కానివాని యింటిలో, తలదాచుకొనెను. 1901లో ఇంగ్లండున పుట్టిన ‘ది వుడ్‌వర్కర్’ అను పత్రిక, ముఖ్యముగా చార్లెస్ హేవర్డ్ సంపాదకుడుగా నున్న దశాబ్దములలో, గుమాస్తాలకును ఉపాధ్యాయులకును సాయంకాలపు తీరికలో బల్లలు, పెట్టెలు, ఉలుల అలమరలు చేసికొను మార్గమును బొమ్మలతో నేర్పెను. వంటింటి మేజాబల్లపై కోయబోయి భార్యచేత చీవాట్లు తిన్న ఆ గృహస్థునకు కారుకొట్టములో మిగిలిన చోటే సామ్రాజ్యము. రెండవ ప్రపంచయుద్ధానంతరము కూలిరేట్లు పెరిగి, స్వంతయిండ్లు పెరిగినకొలది ఈ సామ్రాజ్యమును విస్తరిల్లెను. 1924లో అమెరికాలో విలియం మేసన్ కొయ్యనారను ఆవిరితో చీల్చి, అదిమి కనిపెట్టిన మేసనైటు అట్టపలకకు వరుసలుగా బెజ్జములు పొడిచి గోడకు దిగగొట్టిరి. బెజ్జమునకొక తీగకొక్కె, కొక్కెమునకొక పనిముట్టు. పని ముగియగానే ఖాళీకొక్కెమే తప్పిపోయిన వస్తువును చూపును. షేకర్ల చీలలపట్టెకు ఇది దూరపుబంధువు. అక్కడ తాళము లేకపోవుటకు కారణము సమష్టిసొత్తు, ఇక్కడ కారణము ఇంటిలో దొంగిలించు తోడిపనివాడు లేకపోవుట.

బల్లకు తావులేని యిండ్లకొరకు మడతబల్ల పుట్టిన వృత్తాంతమును విడువరాదు. దక్షిణాఫ్రికాలో పుట్టి, ఇంగ్లండున లోటస్ ఎలాన్ కారునకు రూపకల్పన చేసిన రాన్ హిక్మన్ 1961లో ఇంటికి బట్టలబీరువా చేసికొనుచు, పనిబల్ల లేక, మంచి కుర్చీపై పలక నుంచి కోయగా పలకతోపాటు కుర్చీయు తెగెను. ఆ నష్టమునుండి పుట్టిన వస్తువులో బల్లపైభాగము రెండు పలకలుగా చీలి, పిడులు త్రిప్పగా దగ్గరకు వచ్చి, బల్లయే వైసగును. పని తీరగానే మడచి గోడకు ఆనింపవచ్చును. దానిని చూపగా పేరుపొందిన పనిముట్ల కంపెనీలు అమ్ముడుపోదని త్రిప్పి పంపివేసినవి. కొన్నియేండ్లు తానే తయారుచేసి అమ్మికొన్న పిదప 1970ల ఆరంభమున బ్లాక్ అండ్ డెక్కర్ కంపెనీ దానిని చేపట్టెను; అటుపై లోకమున కోట్లకొలది యిండ్లకు అది చేరెను. ఆ బల్ల తేలికదగుటచేత కోయునప్పుడు కదలకుండుటకై దాని అడుగున ఒక మెట్టు నమర్చిరి. పనిచేయువాడు దానిపై పాదము మోపవలెను. రెండువేల యేండ్లు పాదమును పనినుండి తప్పించిన బల్ల తుదకు పాదమునే ఆశ్రయించెను.

ఈ 21వ శతాబ్ది ఆరంభమునుండి అమెరికాలోను యూరపులోను గృహవడ్రంగులు మరల వెనుకకు మరలి రూబోబల్లనే నిర్మించుకొనుట మొదలిడిరి. ఆ బల్లపై చేయబోవు పీటకన్న బల్లయే పదింతల బరువు. కొందరి విషయమున బల్లయే మొదటిపని, బల్లయే చివరిపని. నవ్వుకొనవచ్చును గాని, వారికి పూర్వపు పనివానికి లేని స్వాతంత్ర్య మొకటి కలదు. యజమాని శాలలోని బల్ల ఎవనియెత్తునకును చేసినది కాదు. పొట్టివాడు కాళ్లక్రింద పలక వేసికొనెడివాడు, పొడుగరి నడుమువంచి జీవితము గడపెడివాడు. తన కారుకొట్టములో నిలుచున్నవాడు చేతులు వ్రేలాడవేసి, అరచేయి ఎంతయెత్తున ఆనునో చూచికొని, బల్లకాళ్లను అక్కడికి రంపముతో కోసికొనుచున్నాడు.